పాత ఫోన్‌కి కస్టమ్ రోమ్ వేస్తే బ్యాటరీ, మెమరీ నిజంగా బాగుపడతాయా?

  కల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. పోయిన ఎపిసోడ్‌లో చార్జర్ల గురించి, చార్జింగ్ వైర్ల గురించి చెప్పుకున్నాం కదా. ఆ తర్వాత మా షాపుకి వచ్చిన పిల్లల్లో చాలామంది ఒకటే మాట అడుగుతున్నారు. "అన్నా, పాత ఫోన్‌కి కస్టమ్ రోమ్ వేస్తే బ్యాటరీ రెండు రోజులు వస్తదంట కదా, ర్యామ్ కూడా సగం ఖాళీ అయితదంట కదా, మా ఫోన్‌కి వేస్తావా?" అని.

ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. జవాబు ముందే చెప్పేస్తాను, చివరి దాకా ఆగక్కర్లేదు. కస్టమ్ రోమ్ మంచిదే. నేను పదేళ్ల నుంచి వేస్తున్నాను. కానీ షాపుకి వచ్చే ఫోన్లలో ఎక్కువ వాటికి అది అవసరం లేదు. ఎందుకంటే వాటి జబ్బు వేరే చోట ఉంటుంది. జబ్బు ఎక్కడుందో చూడకుండా మందు వేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేనే వేశాను కాబట్టి.

ఇది గర్వంగా చెప్పుకునే విషయం కాదు. అయినా చెప్పాలి.

ఐదారేళ్ల కింద ఒక పెద్దమ్మ షాపుకి వచ్చింది. అడవి అంచున ఉండే ఊరు వాళ్ళది. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆమె ఒక్కతే ఇంటి దగ్గర. "నాయనా, పొద్దున నిండా పెడితే మధ్యాహ్నానికే సచ్చిపోతుందయ్యా ఇది. పిల్లగాడు ఫోన్ చేస్తే కలవట్లేదని గోల పెడుతున్నడు" అంది. నాకు అప్పుడు కస్టమ్ రోమ్‌ల పిచ్చి. ఫోన్ చేతికి రాగానే మోడల్ చూసి, దీనికి మంచి రోమ్ ఉంది అనుకున్నాను. అంతే. వేరే ఏమీ అడగలేదు. "రేపు సాయంత్రం రా పెద్దమ్మా, కొత్త ఫోన్ లెక్క చేసిస్తా" అన్నాను.

ఫొటోలు కాపీ చేశాను. ఫోన్ నంబర్లు కాపీ చేశాను. అన్నీ తీసుకున్నాను అనుకుని బూట్‌లోడర్ తాళం తీశాను. తాళం తీయగానే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, అది దాని పద్ధతి. కొత్త సాఫ్ట్‌వేర్ వేసి, ఫొటోలు, నంబర్లు తిరిగి పెట్టి ఇచ్చేశాను.

పెద్దమ్మ ఫోన్ తీసుకుని అక్కడే స్టూల్ మీద కూర్చుని చాలాసేపు వెతికింది. తర్వాత అడిగింది: "మీ పెదనాయన మాటలు ఏడున్నయ్ నాయనా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. అంతకు ముందు సంవత్సరం పెదనాన్న ఖమ్మంలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపేవాడంట. అన్నం తిన్నవా, గేదెకి నీళ్ళు పెట్టినవా, ఇట్లాంటివే. ఆయన తిరిగి రాలేదు. ఆ మాటలు రాత్రిపూట పెట్టుకుని వినేదంట. వాట్సాప్ బ్యాకప్ ఆమె ఎప్పుడూ పెట్టుకోలేదు, నేనూ తీయలేదు. ఆసుపత్రిలో ఆయన వాడిన ఫోన్ అప్పటికే ఎవరికో ఇచ్చేశారు. మెసేజీ ఒకసారి చేరిపోయాక వాట్సాప్ వాళ్ళ సర్వర్‌లో ఉండదు. ఇప్పటి ఫోన్లలో లోపలి మెమరీ అంతా తాళంలో ఉంటుంది కాబట్టి, తుడిచిపోయాక ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు. నేను రెండు రోజులు ప్రయత్నం చేశాను. రాలేదు.

ఇంకొకటి వినండి. వారం తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది, ముందు లాగానే. అంటే నేను చేసిన పని వల్ల పోయింది పోయింది, వచ్చింది ఏమీ లేదు. అప్పుడు వాళ్ళ ఊరు వెళ్ళి చూశాను. ఇంట్లో సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. ఫోన్‌లో రెండు సిమ్‌లు. రెండో సిమ్‌కి ఆ ఊళ్ళో అసలు టవరే లేదు. ఆ ఫోన్ రోజంతా టవర్ కోసం వెతుకుతూనే ఉంది. ఆ రెండో సిమ్ ఆపేసి, ఫోన్‌ని వసారాలో గూట్లో పెట్టమని చెప్పాను. సాయంత్రం దాకా నిలిచింది. అర నిమిషం పని అది.

మన దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద చివరి పొలాలకి నీళ్ళు అందకపోతే ఏం చేస్తామండి? కాలువ మొత్తం పూడ్చి కొత్తగా తవ్వుతామా? ముందు గట్టు వెంబడి నడుచుకుంటూ వెళ్ళి గండి ఎక్కడ పడిందో చూస్తాం. ఫోన్ కూడా అంతే. కస్టమ్ రోమ్ అంటే కాలువ కొత్తగా తవ్వడం. గండి ఎక్కడుందో చూడటం ముందు పని.

గండి వెతకడానికి నేను ఇప్పుడు అందరికీ చెప్పేది మూడు రాత్రుల పరీక్ష. దీనికి ఏ యాప్ అక్కర్లేదు, కాగితం పెన్ను చాలు.

మొదటి రాత్రి పడుకునే ముందు చార్జింగ్ ఎంత శాతం ఉందో రాసుకోండి. చార్జర్ పెట్టకుండా, ఫోన్ ఎప్పటిలాగే ఉంచి పడుకోండి. పొద్దున లేవగానే ఎంత ఉందో రాసుకోండి. ఏడు గంటల్లో నాలుగైదు శాతం తగ్గితే కంగారు పడక్కర్లేదు. పదిహేను, ఇరవై తగ్గిందంటే ఎక్కడో గండి ఉంది.

రెండో రాత్రి సిమ్ ఆన్‌లోనే ఉంచి, మొబైల్ డేటా, వైఫై ఆపేసి పడుకోండి. తగ్గుదల బాగా తక్కువైపోతే, గండి యాప్‌లలో ఉంది. మీరు పడుకున్నాక కూడా ఏవో యాప్‌లు నెట్‌లో పని చేసుకుంటున్నాయి అన్నమాట.

మూడో రాత్రి ఏరోప్లేన్ మోడ్ పెట్టి పడుకోండి. డేటా ఆపినా తగ్గనిది, ఏరోప్లేన్ మోడ్‌లో తగ్గిందంటే గండి సిగ్నల్ దగ్గర ఉంది. మూడు రాత్రులూ ఒకేలా ఇరవై శాతం పోతుందంటే, లేదా 30 శాతం ఉండగా ఒక్కసారిగా ఫోన్ ఆగిపోతుందంటే, చాలావరకు బ్యాటరీయే అరిగిపోయింది. కొన్నిసార్లు లోపల బోర్డులో తేడా ఉంటుంది, అది షాపులో చూపించుకోవాలి.

ఈ మూడింటిలో ఒక్క యాప్‌ల గండి మాత్రమే సాఫ్ట్‌వేర్‌తో పూడుతుంది. మిగతా రెండింటికి ఎన్ని రోమ్‌లు మార్చినా లాభం లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

సిగ్నల్ సంగతి మన ప్రాంతానికి చాలా ముఖ్యం. మీరు గమనించే ఉంటారు, కల్లూరులో సాయంత్రం దాకా వచ్చే ఫోన్, అదే వాడకంతో తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్తే దారిలోనే సగం అయిపోతుంది. టవర్ దగ్గరగా ఉంటే ఫోన్ మెల్లగా మాట్లాడినా వినపడుతుంది. టవర్ దూరమైతే అరవాలి. పొలం ఆ గట్టు మీద ఉన్నవాళ్ళని పిలిచినట్టు. ఆ అరుపుకి కరెంటు ఖర్చు. టవర్ అసలు దొరకకపోతే కాసేపటికి ఒకసారి వెతుకుతూ ఉంటుంది, అది ఇంకా ఖర్చు. అందుకే అడవి దారిలో వెళ్ళేటప్పుడు, కాల్ అవసరం లేనంతసేపు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. సిగ్నల్ రాని రెండో సిమ్‌ని సెట్టింగ్స్‌లో ఆపేయండి, తీసి పారేయక్కర్లేదు. 5జి లేని ఊళ్ళో 5జి ఆపి 4జి పెట్టుకోండి.

ఇక బ్యాటరీ అరిగిపోవడం. మన ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ రకం. మామూలుగా 500 సార్లు నిండా వాడి నిండా నింపేసరికి దాని సత్తా 80 శాతం దగ్గరికి పడిపోతుంది. అంటే 4000 ఎంఏహెచ్ బ్యాటరీ 3200 లెక్కన పనిచేస్తుంది. మీటర్ మాత్రం వంద శాతమే చూపిస్తుంది. వేడి దానికి పెద్ద శత్రువు. ఎండాకాలంలో కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ ఎట్లా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆ ఎండలో బండి హ్యాండిల్‌కి ఫోన్ పెట్టుకుని, మ్యాప్ వేసుకుని, చార్జింగ్ కూడా పెడితే బ్యాటరీ వయసు తగ్గిపోతుంది. బ్యాటరీ ఉబ్బిందంటే మాత్రం ఒక్క రోజు కూడా వాడొద్దు. పొడవొద్దు, వంచొద్దు. మార్పించేయండి.

ఇప్పుడు మెమరీ దగ్గరికి వద్దాం. ఇక్కడ ముందు ఒక గందరగోళం తీరాలి. షాపుకి వచ్చి "మెమరీ ఫుల్ అయింది" అంటారు. ఏ మెమరీ? ఫోన్‌లో రెండున్నాయి. ఫొటోలు, వీడియోలు, యాప్‌లు దాచుకునేది స్టోరేజీ. అది గోడౌన్. ఇప్పుడు చేస్తున్న పనిని పరిచి పెట్టుకునేది ర్యామ్. అది కల్లం. గోడౌన్‌లో సరుకు నిండిపోతే గోడౌన్ ఖాళీ చేయాలి గానీ, కల్లం ఊడిస్తే ఏం లాభం?

స్టోరేజీ అంచుదాకా నిండితే ఫోన్ నెమ్మదిస్తుంది. కనీసం పదో వంతు ఖాళీగా ఉంచుకోండి. గుడ్ మార్నింగ్ ఫొటోలు, పెళ్ళి వీడియోలు నాలుగు గ్రూపుల నుంచి నాలుగు కాపీలు ఉంటాయి, అవి తీసేస్తే చాలా ఫోన్లు బాగుపడతాయి. దీనికి ఏ రోమూ అక్కర్లేదు.

ర్యామ్ సంగతి వేరు. 4 జీబీ ర్యామ్‌లో మూడు జీబీ వాడుకలో ఉందని చూసి భయపడొద్దు. ఆండ్రాయిడ్ కావాలనే అట్లా ఉంచుతుంది. మీరు వాట్సాప్ మూసినా దాన్ని కల్లంలో ఒక పక్కకి ఉంచుతుంది, మళ్ళీ తెరిస్తే వెంటనే రావాలని. చోటు అవసరమైతే పాతవాటిని తనే తీసేస్తుంది. ఆ క్లీనర్ యాప్‌లు, బూస్టర్ యాప్‌లు ఏం చేస్తాయంటే, అన్నీ ఒకేసారి ఊడ్చేస్తాయి. ఐదు నిమిషాల్లో అవే యాప్‌లు మళ్ళీ మొదటి నుంచి లేస్తాయి. కొత్తగా లేవడానికి బ్యాటరీ ఇంకా ఎక్కువ ఖర్చు. పైగా ఆ క్లీనర్ కూడా ఒక యాపే, దానికీ ర్యామ్ కావాలి, దాని ప్రకటనలకీ ర్యామ్ కావాలి. ఈరోజే తీసేయండి.

మరి సాఫ్ట్‌వేర్‌తో ర్యామ్ పనితీరు పెరగదా అంటే, పెరుగుతుంది. దీనికి జీర్యామ్ అని ఒక పద్ధతి ఉంది. మన మిర్చి బస్తాలు తొక్కుతారు చూడండి. వదులుగా పోస్తే రెండు బస్తాలయ్యే కాయ, లోపలికి దిగి తొక్కితే ఒక బస్తాలో పడుతుంది. జీర్యామ్ అంతే, ఇప్పుడు వాడని సమాచారాన్ని నొక్కి చిన్నదిగా చేసి ర్యామ్‌లోనే ఒక మూల పెడుతుంది. కాయ పెరగలేదు, చోటు మిగిలింది. అయితే తొక్కడానికి ఒక మనిషి కష్టం కావాలి కదా, ఇక్కడ ఆ కష్టం ప్రాసెసర్‌ది. అందుకని ఎంత నొక్కాలో లెక్క చూసి పెట్టాలి. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4ని 512 ఎంబీ ర్యామ్‌తో కూడా నడిచేలా చేశారు, అందులో జీర్యామ్ పాత్ర ఉంది. 2017లో ఆండ్రాయిడ్ గో అని 1 జీబీ, అంతకంటే తక్కువ ర్యామ్ ఫోన్ల కోసం ప్రత్యేకంగా తెచ్చారు. అంటే సాఫ్ట్‌వేర్ తేలిగ్గా రాస్తే చిన్న ఫోన్ కూడా నడుస్తుంది అని కంపెనీలకీ తెలుసు.

ఇక అసలు విషయం. కస్టమ్ రోమ్ అంటే ఏంటి?

ఆండ్రాయిడ్ మూల కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఫోన్ కంపెనీ ఆ కోడ్ తీసుకుని, దాని మీద తన రంగులు, తన యాప్‌లు, తన స్టోర్, తన ప్రకటనలు అన్నీ వేసి మనకిస్తుంది. కస్టమ్ రోమ్ చేసేవాళ్ళు అదే మూల కోడ్ తీసుకుని, ఆ అదనపు సరుకు లేకుండా, మన ఫోన్‌కి సరిపోయేలా తయారుచేస్తారు. చాలావరకు జీతం లేకుండా, ఇష్టంతో చేసే పని.

మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ 2008లో వచ్చింది. మరుసటి సంవత్సరం, 2009లోనే, స్టీవ్ కొండిక్ అనే ఆయన సయానోజెన్‌మోడ్ మొదలుపెట్టాడు. అది ఎంత పెద్దదయిందంటే, 2014 డిసెంబర్‌లో మన దేశంలో వన్‌ప్లస్ వన్ ఫోన్ ఆ సాఫ్ట్‌వేర్‌తోనే అమ్మకానికి వచ్చింది. మైక్రోమాక్స్ వాళ్ళు యు యురేకా ఫోన్ కోసం అదే సయానోజెన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ హక్కు మాదంటే మాదని ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళారు. ఇంట్లో కూర్చుని ఇష్టంతో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ కోసం కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి, ఆలోచించండి. 2016 డిసెంబర్‌లో సయానోజెన్‌మోడ్ ఆగిపోయింది. అదే కోడ్ లైనేజ్ ఓఎస్ అనే పేరుతో ఇప్పటికీ నడుస్తోంది.

మన తెలుగు నేలకీ ఇందులో కొంచెం సంబంధం ఉంది. 2015 ఆగస్టులో షావోమీ వాళ్ళు శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోన్‌ని విశాఖపట్నంలో విడుదల చేశారు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో తక్కువ ధర రెడ్‌మీ ఫోన్లు ఊరూరికీ వచ్చాయి. 2017 జనవరిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 4 అయితే మా షాపు ముందు నిలబడిన ప్రతి ఇద్దరిలో ఒకరి చేతిలో ఉన్నట్టు ఉండేది. 4100 ఎంఏహెచ్ బ్యాటరీ, స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసర్. కంపెనీ దానికి ఆండ్రాయిడ్ 7 దాకా ఇచ్చి ఆపేసింది. అదే ఫోన్‌కి కస్టమ్ రోమ్ చేసేవాళ్ళు ఆండ్రాయిడ్ 13 దాకా తీసుకొచ్చారు. నేను పని నేర్చుకున్నది ఎక్కువగా ఆ ఫోన్ మీదే.

కొత్త ఆండ్రాయిడ్ వస్తే బ్యాటరీకి లాభం ఏంటంటే, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6లో డోజ్ అని పెట్టారు. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆపి పక్కన పెట్టి ఉంటే, యాప్‌ల పనులన్నీ ఆపి ఉంచి, మధ్యమధ్యలో కాసేపు మాత్రం వదులుతుంది. ఆండ్రాయిడ్ 7లో జేబులో ఉన్నప్పుడు కూడా కొంతవరకు అట్లా చేసేలా మార్చారు. 2018లో ఆండ్రాయిడ్ 9లో మీరు రోజూ వాడే యాప్‌లు ఏవి, ఎప్పుడో వాడేవి ఏవి అని చూసి, వాడని వాటికి కళ్ళెం వేసే పద్ధతి తెచ్చారు. కంపెనీ అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్‌కి ఇవన్నీ కస్టమ్ రోమ్ ద్వారానే వస్తాయి. ఇంకా ముఖ్యమైనది, భద్రతా అప్‌డేట్లు వస్తాయి. పాత ఆండ్రాయిడ్‌లో కొన్నాళ్ళకి యాప్‌లు కూడా ఆగిపోతాయి. 2023 అక్టోబర్ నుంచి ఆండ్రాయిడ్ 5.0 కంటే పాతవాటిలో వాట్సాప్ పనిచేయడం మానేసింది కదా.

కాబట్టి కస్టమ్ రోమ్ ఇచ్చే అసలు లాభం ఫోన్ ఆయుష్షు. బ్యాటరీ రెండు రోజులు రావడం కాదు. బ్యాటరీలో ఎంత కరెంటు ఉంటే అంతే వాడగలం. వృథా తగ్గుతుంది, అంతవరకే.

ఇప్పుడు నష్టాలు. ఇవి చెప్పకుండా వేసేవాడి దగ్గరికి మీరు వెళ్ళొద్దు.

మొదటిది, బూట్‌లోడర్ తాళం తీస్తే మొత్తం తుడిచిపోతుంది. దొంగ మీ ఫోన్ ఎత్తుకెళ్ళి తాళం తీసి లోపలివి చూడకూడదని అట్లా పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ మనకి బ్యాకప్ లేకపోతే పోయినట్టే. ఫొటోలు, నంబర్లు మాత్రమే కాదు. వాట్సాప్ మెసేజీలు, వాయిస్ రికార్డులు, కాల్ రికార్డులు, నోట్స్‌లో రాసుకున్న బాకీ లెక్కలు, అన్నీ.

రెండోది, డబ్బుల యాప్‌లు. తాళం తీసిన ఫోన్ అని తెలిస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు తెరుచుకోవు. వాటి కళ్ళు కప్పే పద్ధతులు ఉన్నాయి, ఈరోజు పనిచేసింది రేపు పనిచేయదు. నేను చేయను. మిర్చి అమ్మిన డబ్బులు పడే ఫోన్‌తో ప్రయోగాలు వద్దు.

మూడోది, కాల్స్. జియోకి 2జి, 3జి లేవు. కాల్ వెళ్ళాలంటే వోల్టీ పనిచేయాలి. కొన్ని రోమ్‌లలో వోల్టీ సరిగ్గా రాదు. నెట్ వస్తుంది, కాల్ పోదు. రాత్రిపూట 108కి చేయాల్సి వస్తే ఏంటి పరిస్థితి?

నాలుగోది, కెమెరా నాణ్యత తగ్గొచ్చు, వేలిముద్ర పనిచేయకపోవచ్చు. ఐదోది, రోమ్ ఎవరు తయారుచేశారో తెలియకపోతే మీ ఇంటి తాళం తెలియనివాడికి ఇచ్చినట్టే. లైనేజ్ ఓఎస్ లాంటి పేరున్న ప్రాజెక్టు సొంత సైట్‌లో మీ ఫోన్ మోడల్ పేరు ఉంటేనే చూడండి. దగ్గర మోడల్ ఫైల్ వేస్తే ఫోన్ ఇటుకరాయి అవుతుంది. ఇక ఐఎంఈఐ నంబర్ మారుస్తామని చెప్పేవాళ్ళ దగ్గర నిలబడొద్దు, అది నేరం.

కొన్ని కంపెనీలు తాళం తీయడానికి అసలు ఒప్పుకోవు. కొన్ని అనుమతి అడిగాక రోజుల తరబడి ఆగమంటాయి. ఆ ఆగే రోజుల్లో బ్యాకప్ చేసుకోండి.

మరి యాప్‌ల గండి ఉంది, కానీ రోమ్ వేసేంత ధైర్యం లేదు, ఏం చేయాలి? మధ్యదారి ఒకటి ఉంది. నేను ఇప్పుడు ఎక్కువగా చేసేది ఇదే. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌కి కలిపి, ఏడీబీ అనే చిన్న సాధనంతో కంపెనీ ముందే వేసిన అనవసరపు యాప్‌లని మన ఖాతా వరకు తీసేయొచ్చు. బూట్‌లోడర్ తాళం తీయక్కర్లేదు, ఫోన్ తుడిచిపోదు, బ్యాంకు యాప్‌లలో చాలావాటికి ఇబ్బంది ఉండదు. పని అయ్యాక డీబగ్గింగ్ మళ్ళీ ఆపేయాలి, అది మర్చిపోవద్దు. పొరపాటు జరిగితే ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ యాప్‌లు తిరిగి వచ్చేస్తాయి, ఎందుకంటే అవి లోపల అలాగే ఉంటాయి, నిద్రలో. అందుకని దీని ముందు కూడా బ్యాకప్ తప్పనిసరి. గేమ్ స్టోర్‌లు, బ్రౌజర్లు రెండు మూడు, వార్తల యాప్‌లు, ప్రకటనలు పంపే సర్వీసులు తీయండి. ఫోన్, మెసేజ్, కీబోర్డ్, సిస్టమ్ అని పేరున్న వాటి జోలికి వెళ్ళొద్దు. తెలియని దాన్ని తెలుసుకునేదాకా ముట్టుకోవద్దు.

ఇది కూడా వద్దనుకుంటే, సెట్టింగ్స్‌లో బ్యాటరీ అనే చోట ఏ యాప్ ఎంత తింటుందో ఉంటుంది. మీరు వారానికి ఒకసారి కూడా తెరవని యాప్ పైన ఉంటే, దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లో ఆపేయండి, లేదా తీసేయండి. చాలామందికి ఇదే సరిపోతుంది.

నేను ఎవరికి రోమ్ వేస్తానో కూడా చెప్తాను. నా పాత రెడ్‌మీ నోట్ 4 డ్రాయర్‌లో పడి ఉండేది. కొత్త బ్యాటరీ వేశాను, లైనేజ్ ఓఎస్ వేశాను. అందులో ఏ బ్యాంకు యాప్ లేదు, పోతే బాధపడే ఫొటో ఒక్కటీ లేదు. మా పక్కింటి పిల్లవాడు పదో తరగతి పాఠాల వీడియోలు దాంట్లో చూసుకుని పరీక్షలు రాశాడు. కంపెనీ వదిలేసిన ఫోన్, ఇంట్లో రెండో ఫోన్, కాస్త నేర్చుకోవాలనే పిల్లలు. ఈ మూడూ కలిస్తే కస్టమ్ రోమ్‌కి మించింది లేదు. పిల్లలూ, నేర్చుకోండి, భయపడొద్దు. కానీ మీ ఫోన్ మీద నేర్చుకోండి, అమ్మ ఫోన్ మీద కాదు.

చివరగా షాపులో ఎక్కువగా వచ్చే ప్రశ్నలు మూడు, చకచకా చెప్పేస్తాను.

"అన్నా, ఫోన్‌లో వర్చువల్ ర్యామ్ 8 జీబీ అని ఉంది, ఆన్ చేయాలా?" అది నిజం ర్యామ్ కాదు. గోడౌన్‌లో కొంత చోటు తీసి కల్లం అని పేరు పెట్టడం. స్టోరేజీ ర్యామ్ కంటే చాలా నెమ్మది. స్టోరేజీ నిండుగా ఉన్న ఫోన్లలో దీన్ని ఆపేస్తేనే నయం.

"బ్లాక్ థీమ్ పెడితే బ్యాటరీ మిగులుతుందా?" అమోలెడ్ స్క్రీన్ అయితే మిగులుతుంది, నల్లగా ఉన్న చోట చుక్క వెలగదు కాబట్టి. మామూలు ఎల్‌సీడీ అయితే వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, పెద్ద తేడా ఉండదు. దానికంటే వెలుతురు తగ్గించుకోండి.

"రాత్రంతా చార్జింగ్ పెడితే పేలుతుందా?" మంచి చార్జర్ అయితే ఫోన్ నిండగానే తనే ఆపుతుంది. కానీ దిండు కింద, పరుపు మీద పెట్టొద్దు, వేడి బయటికి పోదు. 20కి 80కి మధ్య ఉంచుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. అయితే ఊరెళ్ళేటప్పుడు నిండా పెట్టుకోండి, ఫోన్ మనకోసం గానీ మనం ఫోన్ కోసం కాదు.

ఆ పెద్దమ్మ ఇప్పటికీ మా షాపుకి వస్తుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది. పోయిన నెల మనవడి ఫోన్ తెచ్చింది, స్లో అయిందని. కౌంటర్ మీద పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచి, "ఇందులో ఏం తీసినా పిల్లగాణ్ణి అడిగి తియ్యి నాయనా" అంది. అడిగాను. ఇప్పుడు ఎవరి ఫోన్ తీసుకున్నా ఒక నోట్‌బుక్‌లో రాయిస్తున్నాను. ఇందులో పోతే మళ్ళీ దొరకనిది ఏముంది, అని మొదటి ప్రశ్న. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అన్నది రెండో ప్రశ్న.

ఈ ఎపిసోడ్ చూశాక మీరు ఏ సెట్టింగ్ మార్చకపోయినా పర్వాలేదు. ఈ రాత్రికి మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ తీసుకుని, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, వాట్సాప్ బ్యాకప్ ఒక్కటి పెట్టండి. దానికి నెట్ కాస్త ఎక్కువ పడుతుంది, సిగ్నల్ ఉన్న చోట కూర్చోండి. మూడు రాత్రుల పరీక్ష రేపటి నుంచి మొదలుపెట్టొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో పాత ఫోన్ అమ్మేటప్పుడు, మార్పిడి చేసేటప్పుడు ఏం చూసుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటానండి, నమస్కారం.